తుపాకీ సైలెన్సర్ గారికి నల్లకుంట నుంచి ఒక లేఖ

శ్రీయుత లో బ్యాక్ ప్రెషర్ సైలెన్సర్ గారికి,
డాలస్, టెక్సస్.

హైదరాబాద్ నల్లకుంట నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. పద్ధతి ప్రకారం అలా మొదలుపెట్టాను గానీ, రాత్రి పదకొండూ నలభైకి ఉలిక్కిపడి లేచి, మళ్లీ నిద్ర పట్టక డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నవాడి క్షేమం ఎంతో మీరే ఊహించుకోండి.

మీకూ నాకూ నేరుగా పరిచయం లేదు. మొన్న ఆదివారం మా బామ్మర్ది వీడియో కాల్‌లో మిమ్మల్ని చూపించాడు. వాడికి అక్కడ సిటిజన్‌షిప్ వచ్చింది, ఆ తర్వాత ఇల్లు వచ్చింది, ఇల్లు తర్వాత రెండు పార్కింగులు పట్టే ట్రక్కు వచ్చింది, ట్రక్కు తర్వాత ఏఆర్-15 రైఫిల్ వచ్చింది, ఇప్పుడు దాని మూతికి బిగించడానికి మీరొచ్చారు. నల్లగా, మూరెడు కూడా లేని గొట్టం. ఫోను ముందు వాడు మిమ్మల్ని అటూ ఇటూ తిప్పుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి "ఏం ఫ్లాస్కురా అది, కాఫీ ఎంతసేపు వేడిగా ఉంటుంది?" అంది. ఏమీ అనుకోకండి. మా ఇంట్లో ఆ సైజులో మూతున్న గొట్టం అంటే ఫ్లాస్కే.

"బావా, ఇది మామూలు సైలెన్సర్ కాదు, లో బ్యాక్ ప్రెషర్. గ్యాస్ మొహానికి కొట్టదు" అన్నాడు వాడు. అర్థం కాలేదని చెప్పడానికి మొహమాటపడి తలూపాను, అక్కడ దొరికిపోయాను. గంట క్లాసు పీకాడు.

నాకు అర్థమైనంత వరకు సంగతి ఇదీ. ఈ రైఫిల్లో తూటా పేలినప్పుడు పుట్టే వేడి గ్యాస్‌లో కొంత, గొట్టం మీదున్న చిన్న రంధ్రంలోంచి వెనక్కి వచ్చి, లోపలున్న బోల్టును నెడుతుంది. ఆ నెట్టుడుకే ఖాళీ గుల్ల బయటపడి తర్వాతి తూటా లోపలికి ఎక్కుతుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే, వేలు నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది, మిగతా చాకిరీ గ్యాస్ చూసుకుంటుంది. ఇక మూతికి పాతకాలం సైలెన్సర్ బిగిస్తే, అందులో గదులు గదులుగా అడ్డాలుంటాయి, గ్యాస్ వాటిలో చిక్కుకుని మెల్లగా బయటికి పోతుంది కాబట్టి చప్పుడు తగ్గుతుంది. కానీ ముందు దారి ఇరుకైతే గ్యాస్ ఊరుకుంటుందా, వెనక్కి తంతుంది, ఆ తన్నుడే బ్యాక్ ప్రెషర్. బోల్టు అవసరమైన దానికంటే జోరుగా కదులుతుంది, లోపలంతా మసి పడుతుంది, మిగిలిన గ్యాస్ గుల్ల బయటికొచ్చే సందులోంచి కాల్చేవాడి కళ్లలోకీ ముక్కులోకీ కొడుతుంది. ఆ గ్యాస్‌లో సీసం ఉంటుంది, కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. పైగా మావాడిది ఎడమచేతి వాటం. ఆ సందేమో కుడివైపు. అంటే వాడు రైఫిల్ భుజానికి ఆనిస్తే సందు సరిగ్గా వాడి మొహానికి ఎదురుగా ఉంటుంది, మంగలి షాపులో స్ప్రే కొట్టించుకున్నట్టు.

దీనికి విరుగుడు మీరు. మీ కడుపులో గ్యాస్‌ను బంధించే గదులకు బదులు సుడులు తిరిగే దారులుంటాయట, గ్యాస్ ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగి ముందు నుంచే బయటపడుతుందట. అలాంటి వంపులు మామూలు లేత్ మెషీన్ మీద సాధ్యం కావు కాబట్టి మీలో చాలామందిని టైటానియంతోనో, ఇంకొనెల్ అనే నికెల్ మిశ్రమంతోనో త్రీడీ ప్రింట్ చేస్తారట. మా కంచన్‌బాగ్ మిధానిలో రాకెట్ల కోసం తయారుచేసే జాతి లోహాలవి. అమెరికా సైన్యం 2022లో సిగ్ సావర్ కంపెనీ నుంచి కొత్త రైఫిళ్లకు ఆర్డరిచ్చినప్పుడు వాటితో పాటు సైలెన్సర్లు కూడా తీసుకుందని, సైనికుడి మొహం మీదికి గ్యాస్ రాకుండా ఉండటం వాటి గొప్పల్లో ఒకటని మావాడు సొంత కొడుకు ర్యాంకు చెప్పినట్టు చెప్పాడు.

బాగుంది సార్. కాల్చేవాడి కంట్లో పొగ పడకూడదని ఇంత తపస్సు.

ఇంతకీ మా సినిమాలు మీ పరువు తీశాయని మీకు తెలుసో లేదో. విలన్ మిమ్మల్ని నింపాదిగా మూతికి తిప్పి బిగిస్తాడు, "తుస్" మంటుంది, పక్క గదిలో పడుకున్నవాడు అటు తిరిగి కూడా పడుకోడు. నేను యాభై ఏళ్లుగా అదే నిజమనుకున్నాను. రైఫిల్ చప్పుడు 160 డెసిబెళ్ల పైమాటేనట, మీరు తగ్గించేది ఓ 25, 30. అంటే మీరు శాయశక్తులా నోరు నొక్కినా మిగిలేది 130 చిల్లర. దీపావళి బాంబు చాలు పోల్చడానికి. పైగా తూటా సెకనుకు తొమ్మిది వందల మీటర్ల లెక్కన పోతుంటే శబ్దం పోయేది మూడు వందల నలభై, ఆ దూసుకుపోయే చురుకుకు గాల్లో పుట్టే పెళపెళ మీ చేతిలో లేనే లేదు. మరి సైలెన్సర్ అన్న పేరెందుకండీ? మీ మూలపురుషుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో పేటెంటు తీసుకుని పెట్టిన పేరది, సరుకు అమ్ముకోవాలి కదా పాపం. మా పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయి నెమ్మదస్తుడు" అన్నట్టు.

ఆ మాక్సిమ్ ఇంటి కథ మాత్రం నాకు తెగ నచ్చింది. తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్ 1884 ప్రాంతంలో మెషిన్ గన్ కనిపెట్టి, ఆ మోత వినీ వినీ చివరికి చెవులు పోగొట్టుకున్నాడు. కొడుకు సైలెన్సర్ కనిపెట్టాడు. స్నానాల తొట్టిలో నీళ్లు సుడి తిరుగుతూ దిగిపోవడం చూస్తే ఆలోచన తట్టిందని చెప్పుకుంటారు. తర్వాత ఆ కంపెనీ ఇంజన్లకూ ఫ్యాక్టరీ యంత్రాలకూ కూడా సైలెన్సర్లు చేసింది. మా నాన్న అజామాబాద్‌లో ఒక షెడ్డులో పవర్ ప్రెస్ మీద ముప్పై రెండేళ్లు చేసి ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాడు. కొడుకుగా నేనేం కనిపెట్టానంటే, ఆయనతో మాట్లాడేటప్పుడు కుడివైపు కూర్చోవాలని కనిపెట్టాను.

ఇక నేను నిద్ర లేచిన కారణానికి వస్తాను.

మా వెనక సందులో ఒక కుర్రాడున్నాడు. మంచివాడే, గ్యాస్ సిలిండర్ మూడో అంతస్తుకు మోసిపెట్టాడు ఒకసారి. వాడికో బుల్లెట్ బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల పాత నినాదమే "మేడ్ లైక్ ఎ గన్", ట్యాంకు మీద ఫిరంగి బొమ్మ కూడా వేసుకునేవాళ్లు, కాబట్టి అది మీకు దూరపు చుట్టమే అనుకోండి. కంపెనీ బిగించిన సైలెన్సర్‌తో ఆ బండి డుగ్గు డుగ్గుమని మర్యాదగానే పోయేది. సంక్రాంతికి ముందు వాడు దాన్ని పీకించి పంజాబ్ సైలెన్సర్ వేయించాడు. అది చాలక లోపలి జాలీ కూడా తీయించాడు. ఎందుకురా అని అడిగితే వాడు చెప్పిన మాటకు నాకు కళ్లు తిరిగాయి.

"బ్యాక్ ప్రెషర్ అంకుల్. జాలీ తీస్తే బ్యాక్ ప్రెషర్ పోతది, పికప్ మస్తుంటది. మెకానిక్ చెప్పిండు."

చూశారా మీ కీర్తి! డాలస్‌లో మా బామ్మర్ది నోట ఏ మాట విన్నానో, రాణిగంజ్ నుంచి స్పేర్ పార్టులు తెచ్చుకునే మెకానిక్ నోట అదే మాట. తేడా ఏమిటంటే మీరు బ్యాక్ ప్రెషర్ తగ్గించి చప్పుడు కూడా తగ్గిస్తారు, మావాళ్లు బ్యాక్ ప్రెషర్ పేరు చెప్పి చప్పుడు పెంచుతారు. పికప్ సంగతి అడగకండి. వాడు యాక్సిలరేటర్ వదిలినప్పుడు కాలకుండా మిగిలిన పెట్రోలు గొట్టంలోకొచ్చి అక్కడ పేలుతుంది, దాన్నే "పటాకలు కొట్టుడు" అంటారు. అంటే పెట్రోలు డబ్బులు పెట్టి కొని, ఇంజన్లో కాల్చకుండా, మా కిటికీ కింద కాలుస్తున్నాడన్నమాట. ఇవాళ పదకొండూ నలభైకి వరసగా నాలుగు కొట్టాడు. మా వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి కిణకిణమన్నాయి, కింద ఎవరిదో కారు అలారం ఎత్తుకుంది, ఏసీ డబ్బా వెనక పావురాలు లేచి మళ్లీ కూర్చున్నాయి. మా నాన్న కదలలేదు. కుడి చెవి దిండులో పెట్టి పడుకుంటాడు ఆయన, అదృష్టవంతుడు.

నడిచిపోతే నాలుగు నిమిషాల్లో ఫీవర్ ఆసుపత్రి. ఆసుపత్రికి వంద మీటర్ల దాకా సైలెన్స్ జోన్, రాత్రి 40 డెసిబెళ్లు దాటకూడదు, ఇళ్లున్న చోట 45. 2000 సంవత్సరంలోనే రూలు రాసిపెట్టారు. 45 అంటే మా ఫ్రిజ్ గట్టిగా ఊపిరి పీలిస్తే దాటే అంకె. బండి మోతకు మోటారు వాహనాల చట్టంలో పదివేల దాకా జరిమానా ఉంది, మూడు నెలల దాకా జైలు కూడా ఉంది. పోలీసులు అప్పుడప్పుడూ ఇలాంటి గొట్టాలన్నీ పీకించి, రోడ్డు మీద వరసగా పేర్చి, రోడ్డు రోలర్ ఎక్కిస్తారు. ఆ వీడియో నేను నాలుగుసార్లు చూశాను, మనసుకు హాయిగా ఉంటుంది. మా కుర్రాడు కూడా చూశాడు. "అయ్యో, అందులో రెండు కొత్తవి అంకుల్" అన్నాడు.

మీ విషయంలో మాత్రం మా చట్టం మహా స్ట్రిక్టు. తుపాకీ చప్పుడు తగ్గించే పరికరం మామూలు మనిషి దగ్గర ఉండకూడదు, నిషిద్ధం. మీ దగ్గరేమో 1934 నుంచి మీ మీద 200 డాలర్ల పన్ను, తొంభై ఏళ్లలో ఒక్క డాలరు పెంచకుండా వసూలు చేసి, 2026 జనవరి 1 నుంచి దాన్ని కూడా సున్నా చేశారట. వేలిముద్రలూ ఫొటో ఇచ్చి రిజిస్టర్ చేయించుకుంటే చాలట. ఇక్కడ తుపాకీకి సైలెన్సర్ బిగించడం నేరం, బండికి సైలెన్సర్ పీకడమూ నేరం. మొదటి నేరం నేను ఈ జన్మలో కళ్లారా చూడలేదు. రెండోది రోజూ చెవులారా వింటున్నాను.

అసలు మిమ్మల్ని ఎందుకు తలుచుకున్నానంటే, మీ సూత్రం మా ఊళ్లో ఎప్పట్నుంచో అమల్లో ఉంది. పేలేది నేను, పొగ మాత్రం నా మొహానికి రాకూడదు, ముందుకు పోవాలి. ముందు ఎవడున్నాడన్నది వాడి ఖర్మ. మా వీధి మొదట్లో ఒక ఫంక్షన్ హాలుంది. బరాత్ రోజున డీజే బండి స్పీకర్లన్నీ వీధివైపు తిరిగుంటాయి, ఓనరు గదేమో లోపల, అద్దాల తలుపులు, ఏసీ. నేను ఒకసారి వెళ్లి మొర పెట్టుకుంటే ఆయన తలుపు వేసి "ఇప్పుడు చెప్పండి సార్, బయట ఏమీ వినపడట్లేదు" అన్నాడు, మనస్ఫూర్తిగా. వేసవిలో పక్క ప్లాట్‌లో అర్ధరాత్రి బోరు వేయించినాయన ఆ రెండు రోజులూ కుటుంబంతో సహా అత్తారింటికి వెళ్లాడు. ఫిర్యాదుకు ఫోను చేస్తే అవతలివాళ్లు మర్యాదగా విని "బండి నంబరు చెప్పండి" అంటారు. నేను మూడో అంతస్తు బాల్కనీలో లుంగీతో, బండి విద్యానగర్ దాటేసి. నంబరు లేదంటే "ఈసారి వచ్చినప్పుడు నోట్ చేసుకోండి సార్" అంటారు. గ్యాస్ ఎంత చక్కగా ముందుకే పోయిందో గమనించారా, ఎక్కడా ఆగలేదు, వెనక్కి ఒక్క చుక్క రాలేదు. మీకు టైటానియం కావాల్సి వచ్చింది, మావాళ్లు ఉత్త నోటితో చేసి చూపిస్తున్నారు.

పాత మోడల్ సైలెన్సర్లంటే నాకిప్పుడు గౌరవం పెరిగింది. వాటిలో కనీసం కాల్చినవాడికి కళ్లు మండేవి. మా కుర్రాడి బండి పొగగొట్టం ఒక్కసారి, ఒక్క రాత్రి, హ్యాండిల్ వైపు తిప్పి బిగించే మెకానిక్ ఎవరైనా ఉంటే చెప్పండి. ఖర్చు నాది.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకుంటుంటే మా బామ్మర్ది మెసేజ్ పెట్టాడు. వాళ్లకు మధ్యాహ్నం కదా ఇప్పుడు. డిసెంబర్‌లో పిల్లలతో వస్తున్నాడట, మూడు వారాలుంటాడట. "బావా, అక్కడ ఉన్నన్ని రోజులూ నాకో బుల్లెట్ అద్దెకు మాట్లాడి పెట్టు. కంపెనీ సైలెన్సర్ ఉన్నది వద్దు, మంచి సౌండుండాలి. ట్యాంక్‌బండ్ మీద ఒక రౌండ్ వేస్తే చుట్టూ తెలియాలి."

పొద్దున్నే వెనక సందులోకి వెళ్లి అడగాలి. సొంత మనుషులే కాబట్టి రోజుకు వెయ్యిలో తెముల్చుతాడేమో.

ఇట్లు,
మూడో అంతస్తు, వీధివైపు బెడ్‌రూమ్
నల్లకుంట