మెడపట్టీ గారికి ఒక కోడలి లేఖ

బరంపురం, ఒడిశా

మహారాజశ్రీ మెడపట్టీ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రాలేదు. ఈ ఇంట్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. మీరు కాపలా కాస్తున్న మెడ మాత్రం మీరు వచ్చిన నాటికన్నా నీరసించింది.

మీ హోదాకు లోటు లేదు. మా మావయ్యగారు మిమ్మల్ని తొడుక్కుని వీధిలోకి వస్తే చాలు, గుంట మగ్గం మీద పట్టుచీర నేస్తున్నవాళ్లు సైతం నాడె ఆపి "స్పాండిలైటిసా?" అని పలకరిస్తారు. బస్సులో సీటు, పెళ్లిలో ముందు వరుస కుర్చీ, ఇంట్లో నీళ్ల బిందె ఎత్తకుండా మినహాయింపు, అన్నీ మీ చలవే. ఈ వయసులో ఎక్స్‌రే తీస్తే నొప్పి లేని మెడల్లోనూ పూసల అరుగుదల కనిపిస్తుందని డాక్టరు చెప్పబోతే, మావయ్యగారు దాన్ని అవమానంగా తీసుకున్నారు.

మీకూ ఆయన ఫోనుకూ లోపాయికారీ ఒప్పందం ఉందని నా అనుమానం. మీరుంటే తల వంగదు. కాబట్టి ఫోను చూడాలంటే ఆయన మిమ్మల్ని విప్పి దిండు పక్కన పెడతారు. గడ్డం రొమ్ముకు ఆనించి రెండు గంటలు వీడియోలు చూసి, బయటికి వెళ్లేటప్పుడు మళ్లీ తొడుక్కుంటారు. నిటారుగా ఉన్న తల బరువు 5 కిలోలకు అటూ ఇటూ. అరవై డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలని అమెరికాలో ఒక వెన్నెముక సర్జన్ 2014లో లెక్క కట్టాడు. పాతిక కిలోల బియ్యం బస్తా, పైన కొసరు. అది కంప్యూటర్ నమూనా లెక్కే, ఎవరి మెడనూ త్రాసులో పెట్టి తూచలేదు. అయినా మావయ్యగారి మెడ ఆ లెక్కతో విభేదించినట్లు లేదు.

ఇక మీ మీద నా అసలు ఫిర్యాదు. గొంతు వెనక, వెన్నుపూసలను ముందువైపు నుంచి అంటిపెట్టుకుని లాంగస్ కోలై, లాంగస్ క్యాపిటిస్ అనే కండరాలు ఉంటాయి. తలను నిలబెట్టే ఉద్యోగంలో వాటికి పెద్ద వాటా ఉంది. అవి సోమరులైతే భుజం మీది ట్రెపీజియస్ ఆ పని కూడా నెత్తిన వేసుకుని, సాయంత్రానికి రాయిలా బిగుసుకుంటుంది. అలాంటి సోమరులకు జీతంతో కూడిన సెలవు మంజూరు చేసిన అధికారి మీరు. ప్రమాదంలో దెబ్బతిన్న మెడను కాపాడే చోట మీకు దణ్ణం పెడతాను. మామూలు నొప్పికి మాత్రం కొద్ది రోజుల అతిథిగా వచ్చి, మా ఇంట్లో రేషన్ కార్డు రాయించుకున్నారు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పిన వ్యాయామం చూస్తే జాలేస్తుంది. నిటారుగా కూర్చుని, చూపు ఎదురుగా నిలిపి, గడ్డాన్ని ఎత్తకుండా, దించకుండా నేరుగా వెనక్కి జరపాలి. పది సెకన్లు పట్టి ఉంచి వదలాలి. అలా పదిసార్లు. తర్వాత భుజం రెక్కలను వెనక్కి, కిందికి లాగాలి. నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, తల కదలకుండా నెట్టాలి. చెమట పట్టదు, పైసా ఖర్చు లేదు, కాబట్టి గౌరవమూ లేదు. పైగా గడ్డం వెనక్కి జరిపితే గడ్డం కింద ఇంకో గడ్డం పుడుతుంది. మిమ్మల్ని చూస్తే జనం సీటు ఇస్తారు, దాన్ని చూస్తే నవ్వుతారు. ఇంతకన్నా గట్టి వైద్యపరమైన అభ్యంతరం మావయ్యగారి దగ్గర లేదు. ఉంది, ఒకటుంది: ఆ అమ్మాయి ఒడియాలో చెప్పడం వల్ల సగం అర్థం కాలేదట. బడా బజారులో ఒడియాలోనే బేరమాడి, వంకాయకు రూపాయి తగ్గించే దాకా కదలని మనిషి!

మా ఊరి ఠాకురాణి అమ్మవారి యాత్రలో ఘటాలు నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగే ఆడవాళ్ల మెడలు చూడమన్నాను. "అది అమ్మవారి మహిమ" అన్నారు. మహిమను నేను కాదనను. లాంగస్ కోలైకి కూడా కాస్త ప్రసాదం పెట్టమంటున్నాను.

చెయ్యి తిమ్మిరెక్కినా, వేళ్ల పట్టు తప్పినా, నడక తూలినా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళతాం. అప్పుడు కూడా మీ సలహా అడగం.

అందుచేత ఈ రోజుతో మిమ్మల్ని కొలువు నుంచి తప్పించి బీరువా పై అరకు బదిలీ చేస్తున్నాం. ఒక్క మనవి. నవంబరులో మావయ్యగారు పింఛను కోసం జీవన ప్రమాణ పత్రం ఇవ్వడానికి బ్యాంకుకు వెళ్లాలి. అక్కడ వరుస పొడవు, కుర్చీలు తక్కువ. ఆ పూటకు మాత్రం తప్పక దయచేయగలరు. ఈ చివరి నాలుగు మాటలు ఆయన పక్కన నిలబడి రాయించారు.

ఇట్లు,
ఈ ఇంటి కోడలు