హ్యాండిల్ ఎత్తుకోండి, ఆ మెసేజ్ నమ్మి మాత్రం వద్దు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు ఆరుసార్లు వచ్చింది. పొద్దున్నే సైకిల్ తొక్కే మా గ్రూపులో రెండుసార్లు, పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకసారి, మా చిన్నమ్మ కొడుకు దగ్గర్నుంచి ఒకసారి, మిగతావి ఎవరెవరో. "యాభై దాటి సైకిల్ తొక్కేవారికి ముఖ్య గమనిక" అని మొదలవుతుంది. హ్యాండిల్ సీటుకన్నా జానెడు ఎత్తులో ఉండాలంట. పైనున్న బోల్టు వదులు చేసి ఎంత పైకి లాగితే అంత సుఖమంట, ఏ సైకిలుకైనా ఇదే పద్ధతంట. హ్యాండిల్ పైకి రాకపోతే సీటు దించినా అదే ఫలితమంట. వీపు ఎంత నిటారుగా ఉంటే అంత మంచిదంట. చేతుల తిమ్మిరి వారంలో పోతుందంట. పొట్ట తగ్గుతుందంట. హాలెండులో అందరూ ఇట్లాగే తొక్కుతారంట. చివర్లో "పది మందికి పంపండి".

పంపిన ప్రతివాళ్లూ కింద ఒక మాట చేరుస్తారు: "అన్నా, చూస్తివా? కరెక్టేనా?" ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది. అందుకే ఒక్కసారే రాస్తున్నా. మా నాన్నకు కడపలో సైకిల్ షాపు ఉండేది. బడి వదలగానే నా పని అక్కడే. పంక్చర్లు, బాల్స్ మార్చడం, వీల్ బెండ్ తీయడం చూస్తూ, చేస్తూ పెరిగినవాణ్ని. కాబట్టి ఈ విషయంలో ఊరుకోలేను.

పొట్ట మాట ముందు తీసేస్తా. హ్యాండిల్ ఎత్తుకూ పొట్టకూ సంబంధం లేదు. రోజూ తొక్కితే, తిండి తగ్గిస్తే పొట్ట తగ్గుతుంది.

హాలెండు మాట సగం నిజం. అక్కడ నిటారుగా కూర్చుని తొక్కే సైకిళ్లే ఎక్కువ. కానీ అవి ఆ కూర్చునే తీరుకే తయారైన సైకిళ్లు. సీటు వెడల్పుగా ఉంటుంది, హ్యాండిల్ కొనలు వెనక్కి వంగి చేతుల దగ్గరకే వస్తాయి. నేల చదును, వెళ్లేది అంగడికో ఆఫీసుకో. మన గేర్ సైకిలుకు హ్యాండిల్ ఒక్కటి పైకి లాగినంత మాత్రాన అది ఆ సైకిల్ అయిపోదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని మాట: "ఎంత పైకి లాగితే అంత సుఖం."

పాత రకం సైకిళ్లలో హ్యాండిల్ కింద ఒక రాడ్డు ఉంటుంది, స్టెమ్ అంటాం. ముందు చక్రాన్ని రెండువైపులా పట్టుకునే భాగం ఫోర్కు, దాని పైనుండే గొట్టంలోకి ఈ రాడ్డు దిగుతుంది. దాని లోపల ఒక పొడవాటి బోల్టు, బోల్టు అడుగున ఏటవాలుగా కోసిన ముక్కో, కోన్ ఆకారపు నట్టో ఉంటుంది. పైన బిగిస్తే ఆ ముక్క పైకి వచ్చి గొట్టం లోపలి గోడకు ఒత్తుకుంటుంది. హ్యాండిల్‌ను పట్టి ఉంచేది ఆ ఒత్తిడి ఒక్కటే. మీ చేతుల బరువు, గుంతలో పడ్డప్పటి దెబ్బ, బ్రేకు కొట్టినప్పుడు ఒళ్లు ముందుకు పడే ఊపు, అన్నీ దాని మీదే.

అందుకే ఆ రాడ్డు మీద ఒక గీత ఉంటుంది. దాని పక్కన ఇంగ్లిషులో మినిమం అనో మాక్సిమం అనో చెక్కి ఉంటుంది. ఏది రాసున్నా అర్థం ఒకటే: ఈ గీత బయటికి కనిపించకూడదు. ఐఎస్ఓ 4210 అనే అంతర్జాతీయ సైకిల్ భద్రతా ప్రమాణం ప్రకారం రాడ్డు అడుగు నుంచి ఆ గీత, రాడ్డు మందానికి కనీసం రెండున్నర రెట్ల దూరంలో ఉండాలి. మామూలు స్టెమ్ రాడ్డు 22.2 మిల్లీమీటర్ల మందం. అంటే తక్కువలో తక్కువ ఐదున్నర సెంటీమీటర్లు లోపల ఉండి తీరాలి. ఎవరో తోచింది గీసిన గీత కాదది.

గీత దాటితే రెండు ప్రమాదాలు. ఒకటి, రాడ్డు ఊడిపోవచ్చు. రెండోది బయటికి కనిపించనిది. ఫోర్కు గొట్టం పైభాగంలో బయటివైపు మరలు చెక్కి ఉంటాయి, అక్కడ లోహం పలచన. రాడ్డును పైకి లాగేకొద్దీ లోపలి ముక్క కూడా పైకొచ్చి సరిగ్గా ఆ పలచనైన చోట ఒత్తుతుంది. గట్టిగా బిగిస్తే అక్కడే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది. మీరు "బాగా టైట్ చేశాను" అని ధైర్యంగా తొక్కుతుంటారు, లోపల పగులు పెరుగుతుంటుంది. ఈ సంగతి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. మామూలు సైకిలు స్టెమ్ రాడ్డు మొత్తం పొడవే ఇంచుమించు జానెడు. దాన్నుంచి జానెడు ఎత్తు తీయాలంటే గొట్టంలో ఇంకేం మిగులుతుంది? రాసినవాళ్లు ఒక్కసారైనా స్టెమ్ బయటికి తీసి చూశారా?

పోయిన ఆదివారం దేవుని కడప వైపు వెళ్తుంటే మా వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు ముందు పోతున్నారు. వెనక నుంచి చూస్తే హ్యాండిల్ ఆయన రొమ్ముల దాకా ఉంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కగానే హ్యాండిల్ ఒకవైపు, ముందు చక్రం ఒకవైపు కొద్దిగా ఊగాయి. ఆపండి సార్ అని అరిచా. దిగాక చూస్తే గీత గొట్టానికి మూడు వేళ్ల పైన ఉంది, అక్షరాల సందుల్లో పాత గ్రీజు నల్లగా పేరుకుని ఉంది. ముందు చక్రాన్ని కాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి లాగితే చేతిలోకి వచ్చేసింది. గొట్టంలో ఉన్నది రెండు వేళ్లంత. ఆయన ఆ రాడ్డు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. "మెసేజ్‌లో ఎంతైనా ఎత్తచ్చు అని ఉండె గదా నాయనా" అన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మరుసటి ఆదివారం మాతో గువ్వలచెరువు ఘాట్ దాకా వస్తానని ఉబలాటపడుతున్న మనిషి. ఆ ఘాట్ దిగుతూ లారీల మధ్య ఇది ఊడి ఉంటే? ఈ మెసేజ్ పంపిన ఆరుగురిలో ఎవరు జవాబు చెప్తారు?

"ఏ సైకిలుకైనా ఇదే పద్ధతి" అన్న మాట కూడా అంతే ప్రమాదం. కొత్త గేర్ సైకిళ్లలో చాలావాటికి పైకి లాగే రాడ్డే ఉండదు. ఫోర్కు గొట్టమే పైదాకా వస్తుంది, హ్యాండిల్‌ను మోసే ముక్క (దీన్నీ స్టెమ్ అనే అంటాం) దాన్ని బయటినుంచి పట్టుకుంటుంది, పక్కన రెండు బోల్టులు. పైన మూతకు ఉన్న బోల్టు హ్యాండిల్‌ను పట్టుకునేది కాదు, కింద బేరింగులు ఊగకుండా సరిచేసేది. మెసేజ్ చూసి దాన్ని వదులు చేసి లాగితే హ్యాండిల్ పైకి రాదు. రావట్లేదని పక్క బోల్టులు కూడా వదులు చేస్తే, సైకిల్ ఎత్తగానే ఫోర్కు కిందికి జారిపోతుంది. మా గ్రూపులో ఒకతను ఇట్లాగే చేసి, తర్వాత పక్క బోల్టులు బిగించి పై బోల్టు సంగతి మరిచిపోయాడు. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా టక్ టక్‌మని శబ్దం. పై బోల్టు ముందు, పక్క బోల్టులు తర్వాత బిగించాలి. ఆ తర్వాత ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కీ ఊపి చూడాలి, కదలిక తెలియకూడదు.

ఈ రకం సైకిలుకు ఎత్తు కావాలంటే దారులు వేరే. స్టెమ్ కింద రింగులు ఉండి, దాని పైన కూడా కొన్ని ఉంటే, పైవి కిందికి మార్చుకోవచ్చు. స్టెమ్ కిందికి వాలి ఉంటే తిరగేసి పెడితే పైకి లేస్తుంది, దీనికి ఖర్చే లేదు. అదీ చాలకపోతే గొట్టం మీద తొడిగే రైజర్ దొరుకుతుంది, లేదా మధ్యలో దిగి రెండువైపులా పైకి లేచిన హ్యాండిల్ వేయించుకోవచ్చు. పాత రకానికైతే పొడవాటి స్టెమ్ కొనండి, ఉన్నదాన్నే గీత దాటించొద్దు.

బ్రేకు వైర్ల గురించి మెసేజ్ రాసినవాళ్లకు ఆలోచనే రాలేదు. హ్యాండిల్ పైకి పోతే వైర్లు చాలవు. ఎత్తాక హ్యాండిల్‌ను ఎడమ కొసకు, కుడి కొసకు పూర్తిగా తిప్పి చూడండి. వైరు బిగుసుకుంటే మలుపులో బ్రేకు దానంతట అదే పడుతుంది, అప్పుడు పొడవు వైరు వేయించాల్సిందే. ఇంట్లో తాతల నాటి నల్ల సైకిల్ ఉంటే ఇంకో సంగతి. దానికి వైర్లు కాదు, రాడ్ల బ్రేకు. హ్యాండిల్ ఎత్తితే రాడ్డు కూడా పైకి లేచి బ్రేకు రబ్బర్లు రిమ్ముకు అంటుకుపోతాయి. రాడ్డుకు ఉన్న బిగింపు వదిలి మళ్లీ సరిచేయాలి.

సీటు దించమన్న సలహా మోకాళ్లకు చేటు. పెడల్ అన్నిటికన్నా కిందున్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా చాపినట్టు ఉండాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగుతుంది. సీటు ఎత్తు కాలును బట్టి ఉంటుంది, హ్యాండిల్‌ను బట్టి కాదు. హ్యాండిల్ ఎత్తుగా అనిపించడం కోసం సీటు దించితే ప్రతి తొక్కుడుకూ మోకాలు ఎక్కువ మడుస్తారు, చిప్ప ముందుభాగం నొప్పి పుడుతుంది. అప్పుడు యాభై దాటినవాళ్లకు సైకిల్ పడదు అని ఇంకో మెసేజ్ తయారవుతుంది.

తిమ్మిరి సంగతికి వస్తే, హ్యాండిల్ తక్కువుండటం ఒక కారణం మాత్రమే. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందని. సీటు ముక్కు కిందికి వాలి ఉందా అని ముందు చూడండి. వాలి ఉంటే ఒళ్లంతా ముందుకు జారుతుంది, ఆ బరువు అరచేతుల మీద పడుతుంది, హ్యాండిల్ ఎంత ఎత్తినా తగ్గదు. సీటు సమంగా పెట్టి, మోచేతులు బిగబట్టకుండా, పదినిమిషాలకోసారి పట్టు మార్చండి. దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే డాక్టరుకు చూపించండి.

వీపు ఎంత నిటారుగా ఉంటే అంత మంచిదన్నదీ పూర్తి నిజం కాదు. మరీ నిటారుగా కూర్చుంటే చేతుల మీది బరువంతా సీటు మీదికి వస్తుంది, గుంతలో పడ్డ దెబ్బ నేరుగా వెన్నులోకి పోతుంది. కొంచెం ముందుకు వంగితే చేతులు, నడుము, కాళ్లు పంచుకుంటాయి. ఘాట్ ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలికై అటూ ఇటూ పోవడం కూడా హ్యాండిల్ మరీ ఎత్తితే వచ్చేదే.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. మెసేజ్ మొదలుపెట్టిన సంగతి తప్పు కాదు. మెడ నొప్పి అని, నడుం పట్టేసిందని షాపుకు వచ్చినవాళ్లకు మా నాన్న "కొన్నాళ్లు తొక్కితే అలవాటవుతుంది" అని పంపేసేవాడు. హ్యాండిల్ ఎత్తమని అడిగినా ఎత్తేవాడు కాదు. నేనూ చాలా ఏళ్లు అదే మాట చెప్పాను. అది తప్పు. యాభై రెండో ఏట నాకే మెడ పట్టేస్తే మూడు సెంటీమీటర్లు ఎత్తాను, పది రోజుల్లో తేడా తెలిసింది. అలవాటవుతుందని మేం పంపేసినవాళ్లలో కొందరు సైకిలే మానేశారు. వాళ్లకు కావలసింది ఆ మూడు సెంటీమీటర్లే. కాబట్టి ఎత్తండి. ఒకేసారి జానెడు కాదు, సెంటీమీటరు ఎత్తి నాలుగు రోజులు తొక్కి, చాలకపోతే ఇంకో సెంటీమీటరు. పాత రకమైతే బోల్టు మూడు నాలుగు చుట్లు వదిలి, దాని నెత్తిన చెక్కముక్క పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొడితే లోపలి ముక్క వదులుతుంది. ఎత్తి, చక్రానికి నేరుగా పెట్టి, గీత లోపలే ఉందని చూసుకుని బిగించండి.

మాస్టారి సైకిలుకు నిన్న సాయంత్రం పొడవాటి స్టెమ్ వేశాను. వాళ్లింటి ముందు కడప బండల మీద సైకిల్ నిలబెట్టి, ఫోర్కు గొట్టం లోపల టార్చి వేసి పగుళ్లు లేవని చూశాకే బిగించా. హ్యాండిల్ ఇప్పుడు సీటుకన్నా రెండు వేళ్లు ఎత్తులో ఉంది, గీత గొట్టం లోపల ఉంది. ముందు చక్రం కాళ్ల మధ్య పట్టుకుని ఆయనే హ్యాండిల్ గట్టిగా తిప్పి చూసుకున్నారు, కదల్లేదు. తర్వాత ఫోన్ తీసి, ఆ మెసేజ్ తాను పంపిన ప్రతి గ్రూపులోనూ "గీత దాటొద్దు" అని టైప్ చేస్తూ కూర్చున్నారు.