వైట్‌నర్ పూసిన చేతిలో కాపీరైట్ కర్ర

ఆ మెయిల్ మా డెస్కుకూ వచ్చింది. పంపింది విజయనగరంలో పేరున్న ఒక శిక్షణ సంస్థ. పంపాల్సింది నాలుగేళ్లు అక్కడ పాఠాలు చెప్పి, ఈ ఏడాది బయటికొచ్చి శ్రీకాకుళంలో సొంతంగా క్లాసులు పెట్టుకున్న ఒక ట్రైనర్‌కు. కానీ సీసీలో రెండు జిల్లాల కాలేజీల ప్రిన్సిపాళ్లు, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు, చివర్లో పత్రికలవాళ్లం. సబ్జెక్ట్ లైనులో ‘కాపీరైట్ చౌర్యం - ఆఖరి హెచ్చరిక’ అని ఉంది. వాకబు చేస్తే మొదటి హెచ్చరిక అంటూ ఏదీ లేదని తేలింది. కనీసం ఫోన్ కూడా చేయలేదు. రెండు గంటలు బస్సులో కూర్చుంటే ఎదురెదురుగా మాట్లాడుకోదగ్గ విషయాన్ని రాత్రి పదకొండింటికి ఊరందరి ఇన్‌బాక్సుల్లో కుమ్మరించారు. తెల్లారేసరికి రెండు కాలేజీలు ఆమె క్లాసులు ‘ప్రస్తుతానికి వద్దు’ అనేశాయి. విచారణ లేదు, వాదన లేదు, శిక్ష మాత్రం అమలైపోయింది.

తమ వర్క్‌బుక్ పీడీఎఫ్‌ను ఆమె దొంగిలించి తన విద్యార్థులకు పంచిందన్నది సంస్థ ఆరోపణ. కష్టపడి తయారు చేసుకున్న మెటీరియల్‌ను బయటికెళ్లినవాళ్లు పట్టుకుపోతుంటే సంస్థలు చేతులు కట్టుకు కూర్చోవాలా అని యాజమాన్యాలు అడుగుతున్నాయి. కూర్చోనక్కర్లేదు. కానీ అడిగేవారి చేతులు ముందు చూడాలి.

వివాదానికి మూలమైన వర్క్‌బుక్ మా టేబుల్ మీదుంది. స్పైరల్ బైండింగ్, ప్రతి పేజీ మధ్యలో వాటర్‌మార్కుగా సంస్థ లోగో. ముప్పయ్యేడో పేజీ తీశాం. ఇంటర్వ్యూ ప్రశ్నల పట్టిక. పేజీ అడుగున 37 అని కొత్తగా వేసిన అంకె, దానికి కాస్త పైన 112 అని పాత అంకె. పక్కన ప్రచురణకర్త పేరుండాల్సిన చోట తెల్లగా, వంకరగా ఒక ఖాళీ. వైట్‌నర్ పూసి జెరాక్స్ తీశారన్నమాట. తొందరలో పేరు చెరిగింది గానీ దాని ముందున్న కాపీరైట్ గుర్తు, సున్నాలో ఇరుక్కున్న ఆ ఇంగ్లిష్ ‘సి’, అలాగే మిగిలిపోయింది. ఇలాంటి పేజీలు మా కంటపడినవే తొమ్మిది. చౌర్యం అన్న మాట వాడింది వీరు!

మరి మిగిలిన పేజీలు ఎవరివి? ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసినదాని మీద, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు యజమానిదేనని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఆమె ఉద్యోగేనా? నియామక పత్రం లేదు, పీఎఫ్ లేదు, జీతంతో సెలవు లేదు. క్లాసుకింత అని లెక్కగట్టి నెలాఖరుకు చేతిలో పెట్టేవారు. పీఎఫ్ సంగతి అడిగితే ‘మీరు గెస్ట్ ఫ్యాకల్టీ కదా మేడమ్’ అన్నారట. గెస్టుగా వచ్చి రాసిన పాఠం మొదట రాసినవారిదే. అది సంస్థకు దఖలు పడాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఆ కాగితం ఇప్పటిదాకా ఎవరూ చూపలేదు. పీఎఫ్ కట్టాల్సొస్తే గెస్టు, మెటీరియల్ కావాల్సొస్తే ఉద్యోగి! చివరికి ఏ పేజీ ఎవరిదో తేల్చాల్సింది కోర్టు, మేం కాదు. అయితే ఒకే మనిషికి రెండు హోదాలు కట్టి రెండు వైపులా లాభపడదామనుకునే ఈ తెలివిని మాత్రం గుర్తుపట్టడానికి కోర్టు అక్కర్లేదు.

తగాదా మొదలైన తీరు మరీ విడ్డూరం. ఒక విద్యార్థి ఫోన్‌లో లోగో ఉన్న పీడీఎఫ్ కనబడింది. ఆమె మానేశాక డ్రైవ్‌లోంచి దొంగతనంగా దించుకుందని సంస్థ తీర్మానించేసింది. తప్పులు దిద్ది పెట్టమని ఆఫీసు వాళ్లే మే నెలలో తనకు మెయిల్ చేశారని ఆమె అంటున్నారు, ఆ మెయిల్ చూపిస్తున్నారు. ‘ఈ ఫైలు మనమే పంపామా?’ అని పక్క గదిలో అడిగి ఉంటే ఐదు నిమిషాల పని. లోగో కూడా తీయకుండా దాన్ని తన విద్యార్థులకు పంచడం ఆమె పొరపాటే. అర్ధరాత్రి కోపంలో రిప్లై ఆల్ కొట్టి, పేమెంట్ల బాకీలతో పాటు డైరెక్టర్‌గారి ఇంటి సంగతులు కూడా ముప్పైమందికి విప్పడం అంతకంటే పెద్ద పొరపాటు. కోపంలో రాసిన మెయిల్‌ను డ్రాఫ్ట్స్‌లో పడేసి పొద్దున్నే కాఫీ తాగాక చూసుకోవాలన్న ఇంగితం పాఠాలు చెప్పేవారికైనా ఉండొద్దా?

సంస్థ మెయిల్‌లో 63వ సెక్షన్‌ను ఎర్ర అక్షరాల్లో పెట్టారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. నిజమే, చట్టంలో అలాగే ఉంది. అదే చట్టంలో మూడు మెట్లు కిందికి దిగితే 60వ సెక్షన్ ఉంది. ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారు కోర్టుకెళ్లి దాన్ని ఆపించవచ్చు, నష్టపరిహారమూ అడగవచ్చు. ఎర్ర రంగు పూసినవారు ఆ మెట్టు దాకా దిగలేదు.

డీఎస్సీ నోటిఫికేషన్ పడితే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర జెరాక్స్ మెషీన్లు చల్లారవు. 2025 మెగా డీఎస్సీకి 16,347 పోస్టులన్నప్పుడు ఈ జిల్లాల్లో ఎన్ని బస్తాల కాగితం నల్లబడిందో షాపులవాళ్లనడగండి. మా వృత్తిలోనూ ఎవరి ఫొటోనో ఎవరో ఎత్తి వేసుకునే జబ్బు ఉంది, కాదనం. పేద పిల్లలకు జెరాక్స్ కాపీ తప్ప గతిలేదనీ తెలుసు. ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ప్రచురణ సంస్థలు వేసిన కేసులో, కోర్సు బోధనకు అవసరమైన మేరకు పుస్తకాల్లోని భాగాలు నకలు తీసివ్వడం ఉల్లంఘన కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు అంది. ఫీజులు దండుకుంటూ వర్క్‌బుక్‌కు వేరే ధర కట్టే సంస్థలకు ఆ గొడుగు ఎంతవరకు పడుతుందో అనుమానమే. పడుతుందనే అనుకుందాం. తాము ఆ గొడుగు కింద నిలబడి, నిన్నటిదాకా తమ క్లాసు నడిపిన మనిషిని వానలోకి నెడతారా?

రేపు మరో సంస్థ మరో ట్రైనర్ మీద ఇదే మెయిల్ పంపుతుంది. కాలేజీలు ఇలాగే క్లాసులు ఆపేస్తాయి. ఒక్క సీసీతో ఒకరి నెల జీతం పోతుందని ఈ జిల్లాల యాజమాన్యాలకు ఇప్పుడు తెలిసిపోయింది. మెయిల్ చూడగానే తలుపులేసుకున్న ఆ రెండు కాలేజీల ప్రిన్సిపాళ్లు ఆమెకు ఫోన్ చేసి ఒక్క ముక్క అడిగారా? ఎవరో రాసి పంపిందల్లా నమ్మేసేవారు విద్యార్థులకు ఏం నేర్పుతారు?

సంస్థ చేయాల్సింది ఒక్కటే. అదే సీసీ జాబితాకు, అదే సబ్జెక్ట్ లైను కింద, చౌర్యం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని రాయాలి. ఆ తర్వాత కోర్టుకు వెళ్తామంటే నిక్షేపంగా వెళ్లొచ్చు. వెళ్లేముందు వర్క్‌బుక్‌ను మళ్లీ ప్రింటు చేయించి, ఈసారి ఆ గుర్తు మీద కూడా వైట్‌నర్ పూద్దామనుకుంటున్నారేమో. పాత కాపీ మా దగ్గరుంది.