రాజ్యాంగాన్ని కాపీ కొట్టొచ్చు, పనితనాన్ని కాదు

2024లో డారన్ అసెమొగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్‌లకు ఆర్థిక నోబెల్ వచ్చినప్పటి నుంచి ఒకటే పాట వింటున్నాం. వ్యవస్థలు బాగుంటే దేశం బాగుపడుతుందట. కోర్టులు, ఆస్తి హక్కులు, ఎన్నికలు సరిగ్గా ఉంటే చాలు, సంపద దానంతటదే వచ్చి పడుతుందన్నంత ధీమాగా చెబుతున్నారు. మరుసటి ఏడాది జోయెల్ మోకిర్, ఫిలిప్ అగియాన్, పీటర్ హౌవిట్‌లకు అదే బహుమతి ఇచ్చారు. ఒక పని ఎందుకు జరుగుతుందో తెలిసినవాళ్లూ, దాన్ని ఎలా చేయాలో తెలిసినవాళ్లూ ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం మొదలయ్యాకే ఎదుగుదల ఆగకుండా సాగిందని మోకిర్ వాదన. చర్చంతా వ్యవస్థల చుట్టూ తిరిగే గోలలో ఇది ఎవరికీ పట్టలేదు. నా లెక్కలో అసలు కిటుకు ఇక్కడే ఉంది.

1957లో ఆర్థికవేత్త రాబర్ట్ సోలో ఒక లెక్క వేశాడు. 1909 నుంచి 1949 మధ్య అమెరికాలో గంట పనికి వచ్చే ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. ఆ పెరుగుదలలో పోగుపడిన పెట్టుబడి వాటా ఎనిమిదో వంతే. మిగతా ఏడు వంతులకూ ఆయన పెట్టిన పేరు సాంకేతిక మార్పు. బాగానే ఉంది, ఆ మార్పు ఎక్కడ కాపురం ఉంటుంది? పుస్తకాల్లోనే అయితే పేద దేశాలు ఎప్పుడో గట్టెక్కేవి. పుస్తకాలు అందరికీ దొరుకుతాయి, గడువు తీరిన పేటెంట్లు ఎవరైనా వాడుకోవచ్చు. దొరకనిది చేయి తిరిగిన మనిషి.

జేమ్స్ వాట్‌నే తీసుకోండి. గ్లాస్గో యూనివర్సిటీలో పరికరాలు తయారుచేస్తూ, రిపేర్లు చేస్తూ బతికేవాడు. 1763-64 చలికాలంలో న్యూకొమెన్ ఆవిరి ఇంజన్ నమూనా ఒకటి రిపేరుకు వచ్చింది. పిస్టన్ కదిలే సిలిండర్‌ను ప్రతిసారీ చల్లార్చి మళ్లీ వేడి చేయడంలోనే ఆవిరి చాలావరకు వృథా అయిపోతోందని గమనించాడు. గుప్తోష్ణం, అంటే నీరు ఆవిరయ్యేటప్పుడు అందులో దాగే వేడి, దాని సంగతి తేల్చిన ప్రొఫెసర్ జోసెఫ్ బ్లాక్ అదే యూనివర్సిటీలో ఉన్నాడు, పైగా స్నేహితుడు. ఆవిరిని సిలిండర్‌లో కాకుండా పక్కనే ఉన్న వేరే పాత్రలో చల్లార్చాలన్న ఊహ పుట్టింది, 1769లో పేటెంట్ వచ్చింది. అయినా ఏళ్ల తరబడి ఇంజన్ సరిగ్గా నడవలేదు. కారణం వింటే నవ్వొస్తుంది. అంత పెద్ద సిలిండర్‌ను లోపల నున్నగా, గుండ్రంగా తొలిచేవాళ్లు లేరు, పిస్టన్ పక్క నుంచి ఆవిరి కారిపోయేది. 1774లో జాన్ విల్కిన్సన్ అనే ఇనుప వ్యాపారి ఫిరంగులు తొలవడానికి కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఆ అనుభవంతోనే వాట్‌కు కావలసిన సిలిండర్లు తొలిచి ఇచ్చాడు. 1776లో ఇంజన్లు గనుల దగ్గర, కొలుముల దగ్గర పనిలోకి దిగాయి. ప్రొఫెసర్, రిపేరువాడు, ఫిరంగులు పోతపోసేవాడు: ముగ్గురిలో ఎవరు లేకపోయినా కథ అక్కడే ఆగేది. బ్రిటన్‌లో పార్లమెంటు అప్పటికే బలంగా ఉంది, నిజమే. కానీ పిస్టన్ పక్క నుంచి కారే ఆవిరిని ఆపింది పార్లమెంటు కాదు కదా.

ఈ రహస్యం బ్రిటిష్ పాలకులకు బాగా తెలుసు. నిపుణులైన పనివాళ్లు దేశం దాటి వెళ్లి పనిచేయకూడదని 1719లోనే చట్టం చేశారు. దాన్ని 1824 దాకా ఎత్తేయలేదు. యంత్రాల మీదా ఆంక్షలు పెట్టారు గానీ వాళ్ల అసలు భయం మనుషుల గురించే. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నూలు మిల్లులో అప్రెంటిస్‌గా పని నేర్చిన శామ్యూల్ స్లేటర్ 1789లో పొలం కూలీలా వేషం వేసుకుని అమెరికా ఓడ ఎక్కాడు. యంత్రాల వివరాలన్నీ బుర్రలోనే పెట్టుకుని వెళ్లి రోడ్ ఐలాండ్‌లో నూలు వడికే యంత్రాలు నిలబెట్టాడు. 2022 అక్టోబరులో అమెరికా చైనాకు అధునాతన చిప్‌ల యంత్రాలు ఆపేసినప్పుడు నియమాల్లో ఇంకో సంగతి కూడా చేర్చింది: అలాంటి చైనా ఫ్యాక్టరీలకు అమెరికన్లు లైసెన్సు లేకుండా సాయం చేయకూడదు. రెండొందల ఏళ్లు దాటినా తాళం పడింది మనిషికే!

ఆ అమెరికాకే 2023లో ఎదురుదెబ్బ తగిలింది. అరిజోనాలో కడుతున్న చిప్ ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించే నైపుణ్యం ఉన్నవాళ్లు చాలినంత మంది లేరని, ఉత్పత్తి 2025కు వాయిదా పడుతుందని తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ ప్రకటించింది. తైవాన్ నుంచి టెక్నీషియన్లను రప్పించాల్సి వచ్చింది. అమెరికాలో కోర్టులు లేవా? ఆస్తి హక్కులు లేవా? డబ్బు లేదా?

వ్యవస్థలవాదుల చేతిలో ఒక గట్టి ఉదాహరణ ఉంది, దాన్ని దాచను. రెండు కొరియాలు. ఒకే జాతి, ఒకే భాష, గీతకు అటూ ఇటూ పాలన మారితే ఒకవైపు సంపద, ఇంకోవైపు ఆకలి. చెత్త పాలన దేశాన్ని నాశనం చేయగలదని ఒప్పుకుంటాను. కానీ మంచి రాజ్యాంగం ఉంటే చాలనడానికి అది రుజువు కాదు. లైబీరియా 1847లో, అర్జెంటీనా 1853లో అమెరికా నమూనాలో రాజ్యాంగాలు రాసుకున్నాయి, తర్వాత ఏమైందో తెలిసిందే. ఇక దక్షిణ కొరియా 1961 నుంచి 1987 దాకా, పరుగు అందుకున్న ఆ ఏళ్లన్నీ, దాదాపుగా సైనిక నాయకుల కిందే ఉంది.

అక్కడ ఆ ఏళ్లలో జరిగింది చూడండి. పోస్కో ఉక్కు కర్మాగారం 1973లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కొలిమి రాజేయకముందే వందల మందిని జపాన్‌కు పంపి పని నేర్పించారు. అప్పటిదాకా పెద్ద ఓడ ఒక్కటీ కట్టని హ్యుందాయ్ 1972లో ఉల్సాన్‌లో షిప్‌యార్డు మొదలుపెట్టింది. డిజైన్లు స్కాట్లండ్‌లోని స్కాట్ లిత్‌గౌ కంపెనీ నుంచి కొన్నది, దాంతో ఆగకుండా తన ఇంజనీర్లను ఆ యార్డుకే పంపి దగ్గరుండి నేర్చుకోమంది. తర్వాత పాఠం చెప్పిన కంపెనీ మూతపడింది, నేర్చుకున్నది ప్రపంచంలోనే అతిపెద్ద ఓడల తయారీదారు అయింది. ఆ మధ్యలో బ్రిటన్ కోర్టులు పాడైపోయాయా, పార్లమెంటు మూసేశారా?

ఇక నన్ను ఎప్పటినుంచో వేధిస్తున్న విషయానికి వస్తాను: డిగ్రీల మోజు. చదువు పెంచండి, ఎదుగుదల అదే వస్తుందని ప్రపంచమంతా నమ్మింది. 2001లో ఆర్థికవేత్త లాంట్ ప్రిచెట్ దేశాల లెక్కలు తీసి చూస్తే, జనం చదువుకున్న ఏళ్లు పెరగడానికీ, ఒక్కో కార్మికుడి ఉత్పత్తి పెరగడానికీ ఆశించిన సంబంధం కనపడలేదు. చేతిపనిని తక్కువగా చూసే సమాజంలో చదువు ఆఫీసు కుర్చీకి టికెట్ అవుతుంది, అంతే. చైనాలో సోంగ్ వంశ కాలంలో సూ సోంగ్ అనే అధికారి కైఫెంగ్‌లో నీటితో తిరిగే అద్భుతమైన గడియారం కట్టించాడు. 1127లో ఉత్తరం నుంచి దాడిచేసిన జుర్చెన్ తెగవాళ్లు దాన్ని విప్పి పట్టుకుపోయారు, మళ్లీ బిగించలేకపోయారు. తర్వాత చైనా రాజులు ఆయన కొడుకునే పిలిచి కట్టమన్నా కాలేదు. ఆయన రాసిన పుస్తకం ఉంది, బొమ్మలున్నాయి. పరీక్షలు రాసి అధికారులయ్యే పండితులకూ ఆ దేశంలో కొదవ లేదు.

నూనె, గనులు ఉంటేనే దేశం ధనవంతమవుతుందన్న వాదాన్ని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. ప్రపంచంలో అత్యధిక చమురు నిల్వలు వెనెజువెలావి, స్విట్జర్లాండ్‌లో చెప్పుకోదగ్గ ఖనిజం లేదు. ఆ స్విట్జర్లాండ్‌లో టీనేజీ పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మంది వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు బడి అనే అప్రెంటిస్ చదువులోకి వెళ్తారు. చిన్న వయసులోనే పిల్లల్ని వేరు చేస్తున్నారని విమర్శ ఉంది. కానీ అక్కడ అప్రెంటిస్ నుంచి యూనివర్సిటీకి వెళ్లే దారి తెరిచే ఉంచారు, పై పదవులకు కూడా. ఆ దేశపు అతిపెద్ద బ్యాంకు యూబీఎస్‌ను నడిపిస్తున్న సెర్జియో ఎర్మోటీ లుగానోలో ఓ బ్యాంకులో అప్రెంటిస్‌గా చేరి మొదలైనవాడే. చాలా దేశాల్లో అలా మొదలైన కుర్రాడి దరఖాస్తు డిగ్రీ లేదన్న కారణంతో మొదటి వడపోతలోనే చెత్తబుట్టలో పడుతుంది.