మంచం పడితే ఉంచుకుంటారా? వృద్ధాశ్రమంలో ముందు అడగాల్సింది ఇదే

రిటైరయ్యాక స్వామి పాదాల దగ్గరే ఉండిపోవాలని తిరుపతి చేరే పెద్దవాళ్లు చాలామంది. పిల్లలేమో బెంగళూరు, చెన్నై, లేదంటే ఇంకా దూరం. ఇంట్లో ఒక్కరే మిగిలాక వృద్ధాశ్రమం మాట వస్తుంది, రాగానే అందరం అడిగేది భోజనం ఎలా ఉంటుంది, గదికి గాలి వస్తుందా, గుడి దగ్గరేనా అని. అడగాల్సినవే. కానీ అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: రేపు అమ్మ మంచం పడితే ఇక్కడే ఉంచుకుంటారా, తీసుకెళ్లిపొమ్మంటారా?

బోర్డులన్నీ ఒకేలా కనిపించినా లోపల చేసే పని వేరు. సీనియర్ లివింగ్ పేరుతో కట్టే అపార్ట్‌మెంట్లు, విల్లాలు తమ పని తాము చేసుకోగలిగినవాళ్ల కోసం. వంట, క్లీనింగ్, సెక్యూరిటీ వాళ్లు చూస్తారు, అంతే. అసిస్టెడ్ లివింగ్‌లో స్నానానికి, బట్టలకి, టైముకి మాత్రలు వేయడానికి మనిషి సాయం ఉంటుంది. పక్షవాతం వచ్చి ట్యూబుతో తినేవాళ్లకి కావాల్సింది నర్సింగ్ కేర్, మతిమరుపు ముదిరి రాత్రిళ్లు గేటు తీసుకుని వెళ్లిపోయేవాళ్లకి కావాల్సింది ఒక కన్నేసి ఉంచే మనుషులు. మామూలు వృద్ధాశ్రమాల్లో చాలావాటికి ఈ రెండూ చేతకావు, అందుకే ‘తన పనులు తాను చేసుకోగలగాలి’ అని చేరేటప్పుడే షరతు పెడతారు. మనం ఆ కాగితం సరిగా చదవకుండానే సంతకం పెట్టేస్తాం.

చూడ్డానికి వెళ్తే ఆఫీసు గదిలోనే కూర్చుని వచ్చేయకండి. బాత్‌రూమ్ తలుపులో వీల్‌చైర్ పడుతుందా, గోడకి పట్టుకునే రాడ్ ఉందా, నేల జారుతోందా, అన్నీ చూడండి. మంచంలో ఉన్నవాళ్లని రెండు మూడు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద పుండ్లు పడతాయి, కాబట్టి రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో లెక్క చెప్పమనండి. ‘ఉంటారండీ’ అంటే సరిపోదు. అర్ధరాత్రి ఆయాసం వస్తే రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో ఎవరు తీసుకెళ్తారు, ఏ బండిలో? మధ్యలో మానేస్తే డిపాజిట్ ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇదంతా డబ్బున్నవాళ్ల సంగతి. లేనివాళ్ల కోసం 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం జిల్లాకి కనీసం ఒకటి, 150 మందికి సరిపడే ప్రభుత్వ ఆశ్రమం ఏర్పాటు చేయొచ్చంటుంది. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఇక్కడొకటి, చిత్తూరులో ఒకటి అడిగే హక్కు మనకుంది. వాటిలో మంచం పట్టినవాళ్లకి విడిగా వార్డు, రాత్రి మనుషులు ఉండాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, రిటైరైన ఉద్యోగుల సంఘాలు తమ పెన్షన్ సమస్యలతోపాటు ఇది కూడా రాసివ్వాలి.