జిమ్నీకి 25 మైలేజీ గ్యారంటీ అంట, ఘాట్‌లో ఇంజన్ ఆపేయాలంట

"జిమ్నీ ఓనర్లకి శుభవార్త, సీనియర్ మెకానిక్ చెప్పిన 6 రహస్యాలు, లీటరుకి 25 గ్యారంటీ" అని మారుతి వాళ్ల జిమ్నీ బండి గురించి ఒక మెసేజ్ తిరుగుతోంది. స్కూల్ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి బండి లేని మా బాబాయి కూడా పంపాడు. అందులో ఉన్నది ఇది: పెట్రోలు తెల్లవారుజామునే కొట్టించాలి, ఏసీ ఆపి అద్దాలు దించుకోవాలి, పెద్ద టైర్లు వేయించాలి, ఎప్పుడూ 4 హెచ్‌లోనే (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే మోడ్) నడపాలి, ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్ ఆఫ్ చేయాలి, మైలేజీ పడిపోడానికి అసలు కారణం ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు. ఇన్నాళ్లూ చదివి వదిలేశాను కానీ ఆ ఘాట్ పాయింటు చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఆ 25 సంగతి. మారుతి వాళ్లే చెప్పుకునే ఏఆర్‌ఏఐ (బండ్లని పరీక్షించే సంస్థ) లెక్క మాన్యువల్ గేర్ల బండికి 16.94, ఆటోమేటిక్‌కి 16.39. అది రోడ్డు మీద తీసిన లెక్క కూడా కాదు, రోలర్ల మీద బండిని నిలబెట్టి, 90 దాటకుండా, ఏసీ లేకుండా తీసేది. అంత అనుకూలంగా పెట్టినా 17 దాటని బండి, 1200 కేజీల బరువు, నిలువు గోడ లాంటి ముఖం, లాడర్ ఫ్రేమ్ (నిచ్చెన లాంటి బరువైన ఇనుప చట్రం), కింద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు వెనక చక్రాలకి బలం పంచే గేరు పెట్టె), అన్నీ మోస్తూ మీ చేతిలో పడగానే 25 ఇస్తుందా? నాకు తెలిసిన ఓనర్లకి హైవే మీద 80-90లో నింపాదిగా పోతే 15 అటూ ఇటూ వస్తోంది, సిటీలో ఇంకా తక్కువ. అదేమీ చెడ్డ నంబరు కాదు ఈ రకం బండికి.

తెల్లవారుజాము పెట్రోలు: చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు చిక్కగా ఉండి ఎక్కువ వస్తుందని వీళ్ల లెక్క, కానీ బంకులో ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పొద్దున్నకీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. అయిపోయింది. ఏసీ: సిటీలో మెల్లగా పోయేటప్పుడు ఆపితే కొంచెం మిగులుతుంది, కానీ హైవే మీద అద్దాలు దించితే గాలి లాగడం పెరిగి ఆ మిగిలింది అక్కడే పోతుంది. మే నెలలో విజయవాడలో ఏసీ ఆపి నడపమని సలహా ఇచ్చినాయన ఒక్కసారి నడిపి వీడియో పెట్టాలి.

పెద్ద టైరు ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది కాబట్టి మైలేజీ పెరుగుతుందంట. కంపెనీ టైరు 195/80 ఆర్15, ఎత్తు 693 మిల్లీమీటర్లు. చాలామంది మార్చుకునే 235/75 ఆర్15 దాదాపు 734. అంటే సుమారు 6 శాతం పెద్దది, దాంతో బండి 106 కిలోమీటర్లు పోతే మీటరు 100 అనే చూపిస్తుంది. బరువైన, వెడల్పు టైరుని తిప్పడానికి 1.5 లీటర్ల, 105 హెచ్‌పీ ఇంజను ఇంకా కష్టపడాలి, ఎక్కుడు రాగానే గేరు దించాలి. బురదలో పట్టు కోసం వేయించుకోండి, నేనేం కాదనను, మైలేజీ కోసం మాత్రం వద్దు.

4 హెచ్ గురించి అయితే బండితో ఇచ్చే మాన్యువల్ పుస్తకం తెరిచినా చాలు. ఇది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక చక్రాలని వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ, కానీ 4 హెచ్‌లో రెండూ ఒకే వేగంతో లాక్ అయి ఉంటాయి. ఇసుకలో, బురదలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది, పొడి తారు రోడ్డు మీద జారదు, ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీదా గేర్ల మీదా పడుతుంది. మైలేజీ తగ్గుతుంది, టైర్లు అరుగుతాయి, పైగా రిపేరు బిల్లు.

ఇక ఘాట్. ఇది రాసినోడు అరకు నుంచి ఎస్.కోట వైపు గానీ, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు గానీ ఒక్కసారైనా దిగాడా? వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి మనుషులతో కలిపి 1500 కేజీల బండి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి నాలుగు యూనిట్ల కరెంటంత, అంటే రెండు కిలోవాట్ల గీజరు రెండు గంటలు ఆడినంత వేడి. గేర్‌లో ఉంటే అందులో చాలా భాగం ఇంజను మింగుతుంది, న్యూట్రల్‌లో అయితే దాదాపు మొత్తం బ్రేకుల మీదే. బ్రేక్ ద్రవం డాట్ 4 అనే రకం అయితే కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. ఇంజన్ కూడా ఆపేశారనుకోండి, మన కాలి బలాన్ని పెంచే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఇచ్చేదే ఇంజను, రెండు మూడు సార్లు తొక్కగానే అది ఖాళీ, తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది. హెయిర్‌పిన్ మలుపులో, ఎదురుగా బస్సు వస్తుంటే, వెనక సీట్లో పిల్లలుంటే! ఇది చిట్కానా?

పోనీ పెట్రోలన్నా మిగులుతుందా అంటే అదీ లేదు. గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజెక్టర్లు పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి, చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి, ఖర్చు సున్నా. ఇంజను ఆపకుండా న్యూట్రల్‌లో పెడితే అది ఐడిల్‌కి పెట్రోలు తాగుతూనే ఉంటుంది, ఆపేసినా మిగిలేది అదే సున్నా. సున్నా కంటే తక్కువ ఖర్చు ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి? కార్బురేటర్ల రోజుల్లో, పాత జిప్సీలూ అంబాసిడర్లూ తిరిగిన కాలంలో దిగుడులో కూడా పెట్రోలు లోపలికి పోయేది, ఈ అలవాటు అప్పటిది. అప్పుడైనా మంచి డ్రైవర్లు ఎక్కిన గేర్‌లోనే దిగేవాళ్లు. జిమ్నీలో అయితే దిగుడులో బండిని దానంతటదే మెల్లగా దించే హిల్ డిసెంట్ కంట్రోల్ కంపెనీయే ఇచ్చింది. ఇంజన్ ఆపేస్తే అదీ పని చేయదు.

ఆఖరిది ఈ20. ఇక్కడ మెసేజ్ చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేసే వాళ్లతో నేను ఏకీభవించను. ఇథనాల్‌లో లీటరుకి ఉండే శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే, కాబట్టి మైలేజీ తగ్గాల్సిందే. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన రోడ్ మ్యాప్‌లోనే, మామూలు పెట్రోలుకి డిజైన్ చేసి ఈ10కి (10 శాతం ఇథనాల్) సర్దిన కార్లకి ఈ20తో 6-7 శాతం తగ్గుతుందని ఉంది. ఓనర్లు మా బండి తగ్గింది అంటే వాళ్లది భ్రమ అనడం తప్పు. ఈ10 నుంచి ఈ20కి శక్తి లెక్కన చూస్తే 3-4 శాతం, జిమ్నీకి లీటరుకి అర కిలోమీటరు పైన. అంతే గానీ 25 ఇచ్చే బండిని 15కి దించేంత కాదు.

ఇప్పటికే ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్లు దయచేసి అదే గ్రూపులోకి వెళ్లి, ఘాట్ పాయింటు ప్రమాదం, ఎవరూ చేయొద్దు అని ఒక్క లైను పెట్టండి. వచ్చేది చలికాలం, లంబసింగికీ అరకుకీ కొత్త బండ్లేసుకుని బయల్దేరే కుర్రాళ్లు ఆ గ్రూపుల్లోనే ఉన్నారు.