అన్‌లిమిటెడ్ గారికి, తొమ్మిదింబావు టేబుల్ నుంచి

విహార ఓడలో విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్లన్నిటికీ ఒకేసారి డబ్బు కట్టించుకునే మహారాజశ్రీ స్పెషాల్టీ డైనింగ్ ప్యాకేజీ గారికి, అందులోనూ ‘అన్‌లిమిటెడ్’ అనే బిరుదు తగిలించుకుని ఓడలో ఊరేగుతున్న తమరికి, క్రూజ్ ప్రయాణికులు చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి.

ఓడ ఎక్కిన రోజు మధ్యాహ్నం, సూట్‌కేసులు ఇంకా గదులకి చేరకముందే, తమ దర్శనం కోసం స్టేక్‌హౌస్ గుమ్మం ముందు కట్టిన క్యూ గురించే ఈ ఉత్తరం. పన్నెండున్నరకి మొదలైన క్యూ రెండూ నలభైకి డెస్కు దాకా వచ్చింది. పైన డెక్కు మీద ఎండ, పాటలు, ఈతకొలను. కింద మేము, చేతిలో తమరి రసీదు. తీరా డెస్కు చేరాక ఏడు రాత్రులకీ కలిపి మీరు ప్రసాదించిన వేళలు రెండే. సాయంత్రం అయిదు, లేదంటే రాత్రి తొమ్మిదింబావు. అయిదింటికి ఇంకా ఆకలి పుట్టదు, తొమ్మిదింబావుకి అది కాస్తా చచ్చిపోతుంది. మధ్యలో ఉన్న నాలుగు గంటలూ ఎవరి జాగీరండీ?

మీ ఆకర్షణ మాకు తెలియనిది కాదు. టికెట్ డబ్బుల్లోనే మెయిన్ డైనింగ్ రూమ్ ఉంది, బఫే ఉంది, మూడు పూటలా తిన్నవాడికి తిన్నంత. అయినా స్టేక్‌హౌస్, ఇటాలియన్, సుషీ, కళ్లముందే పెనం మీద వండిపెట్టే జపాన్ టెప్పన్‌యాకీ అంటూ దగ్గరగా వేసిన తలుపులు కొన్ని కనబడతాయి. మూసిన తలుపు వెనక ఏదో ఉందనుకోవడం మనిషి బలహీనత. ఆ తలుపు తీయడానికి పూటకింత అని కవర్ ఛార్జి. ఆ కవర్ ఛార్జీలన్నీ మూటగట్టి ‘ఒక్కసారి కట్టండి, రోజూ తినండి’ అంటూ అరచేతిలో వైకుంఠం చూపించేది తమరు.

వైకుంఠం రేటెంతో చూద్దాం. ఉదాహరణకి రోజుకి 40 డాలర్ల చొప్పున ఏడు రాత్రులకి 280. దాని మీద 18 శాతం గ్రాట్యుటీ, అంటే తప్పనిసరి టిప్పు. 20 శాతం లాగే కంపెనీలూ ఉన్నాయి లెండి. 18 శాతమే అనుకున్నా మొత్తం 330 డాలర్ల 40 సెంట్లు. విడిగా కొనుక్కుంటే పూటకి 50 డాలర్ల కవర్ ఛార్జి, గ్రాట్యుటీతో 59. అయిదు రాత్రులు తింటే 295. అంటే అయిదు రాత్రులు తిన్నవాడు కూడా తమరికి 35 డాలర్లు ఊరికే సమర్పించుకున్నట్టు. ఆరో రాత్రి తింటేగానీ బాకీ తీరదు. ఏడింట ఆరు రాత్రులు! అందులో ఒకటి అందరూ సూట్లూ పట్టుబట్టలూ వేసుకునే ఫార్మల్ నైట్. చాలా ఓడల్లో ఆ రాత్రి మెయిన్ డైనింగ్ రూమ్‌లోనే లాబ్‌స్టర్ టెయిల్ వడ్డిస్తారు, టికెట్ డబ్బుల్లోనే. తెలిసినవాళ్లెవరూ ఆ రాత్రి స్పెషాల్టీ వైపు చూడరు. ఇంకో రాత్రి ఓడ రేవులోనే ఆలస్యంగా ఉంటుంది, ఊరు చూసి కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి దొరికింది తినడమే. ఇక మిగిలినవి అయిదు. బాకీ ఎక్కడ తీరింది?

మధ్యాహ్న భోజనం కూడా కలిపామని మీరు అంటారు. నిజమే. కానీ ఆ రెస్టారెంట్లలో ఎక్కువ భాగం మధ్యాహ్నం తలుపు తీసేది ఓడ రేవుకి వెళ్లని సీ డే నాడు మాత్రమే. ఏడు రాత్రుల ప్రయాణంలో అలాంటి రోజులు రెండో మూడో. ప్యాకేజీ కొనేముందు లెక్కపెట్టాల్సింది రెస్టారెంట్లని కాదు, సీ డేలని.

సరే, డబ్బు గొడవ వదిలేద్దాం. డబ్బు పోతే ఇంకోసారి సంపాదించుకుంటాం. అందరికీ ఆకలేసే ఏడున్నరకి ఒక్క టేబుల్ దొరకని సంగతే మింగుడు పడటం లేదు.

ఓడలో 3000 మంది ఉన్నారనుకుందాం. స్పెషాల్టీ రెస్టారెంట్లు నాలుగు, ఒక్కో దాంట్లో 100 కుర్చీలు. ఒక్కో భోజనం తీరిగ్గా గంటన్నర నుంచి రెండు గంటలు. కాబట్టి రాత్రికి రెండు బంతులు. ఏడున్నరకి ఒక టేబుల్ ఇచ్చారంటే అది తొమ్మిదిన్నర దాకా లేవదు. దానికి ముందు పట్టేది అయిదున్నర బంతి ఒక్కటే. అంటే రాత్రికి 800 భోజనాలు, అందులో మనుషులు తినే వేళకి 400. ఇది ఎక్కాలు వచ్చినవాడెవడైనా వేసే లెక్క. ఓడ కట్టినరోజే తెలిసిన లెక్క. మరి ప్యాకేజీలు అమ్మేటప్పుడు ఆ 400 ఎవరికీ గుర్తు రాదేం? కుర్చీకి హద్దుంది, వంటింటికి హద్దుంది, గడియారానికి హద్దుంది. హద్దు లేనిది మీ పేరుకి ఒక్కదానికే.

పైగా గాజు గోడలోంచి చూస్తే లోపల ఖాళీ టేబుళ్లు కనబడుతూ ఉంటాయి. కడుపు మండేది అక్కడే. ‘అదిగో ఖాళీ’ అంటే, ‘అన్నీ బుక్ అయ్యాయండీ’ అని డెస్కువాళ్లు నవ్వుతారు. పాపం వాళ్లది అబద్ధం కాదు. పావుగంటకి ఇన్ని ఆర్డర్లే తీసుకోగలమని వంటింటికి ఒక లెక్క ఉంటుంది. ఒకేసారి నలభై మందిని కూర్చోబెడితే నలభై స్టేకులూ ఒకేసారి గ్రిల్ ఎక్కాలి, ఎవరికీ అడిగినట్టు రాదు. వెయిటర్‌కి ఇన్ని టేబుళ్లని ఇంకో లెక్క. టేబుల్ ఖాళీగా ఉన్నా దాని వెనక చెయ్యి ఖాళీగా ఉండదు. ఇది అర్థం చేసుకోగల విషయమే. ఇంత అర్థమయ్యే విషయాన్ని కొనేటప్పుడు ఒక్క ముక్క చెప్పరెందుకన్నదే మా బాధ.

మరి ఇంటి దగ్గరే, నెల ముందే, తీరిగ్గా బుక్ చేసుకోకూడదా అంటారా? కొన్నిచోట్ల అన్‌లిమిటెడ్ కొన్నవాళ్లకి ఆ భాగ్యం లేదు. వెబ్‌సైట్‌లో వేళ ఎంచుకోబోతే ఆ పూటకి మళ్లీ కవర్ ఛార్జి అడుగుతుంది. తమరిని అమ్మిన కంప్యూటర్‌కే తమరెవరో తెలియదు! కాకపోతే మొదటి రాత్రికో రెండో రాత్రికో తనంతట తనే ఒక టేబుల్ అంటగడుతుంది, మళ్లీ ఆ అయిదింటికే. మిగతావన్నీ ఓడ ఎక్కాక హెడ్ వెయిటర్ దగ్గర చేతులు కట్టుకుని తేల్చుకోవాలి. ఈలోగా పూటకి పూట విడిగా కొన్నవాళ్లు ముందే ఏడున్నరలన్నీ ఏరుకుని ఉంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. మీ గుడిలో పూజారి మంచివాడే, గుళ్లో ప్రసాదమే అయిపోయింది.

అందుకే మీ భక్తులు కొన్ని కిటుకులు నేర్చుకున్నారు. తమరికి నచ్చకపోయినా ఇక్కడ రాసేస్తున్నాం. ఓడ ఎక్కగానే బఫేకి పరిగెత్తకుండా ముందు డెస్కుకే వెళ్లాలి. అదీ స్టేక్‌హౌస్ గుమ్మానికే కాదు, జనం తక్కువున్న ఏ స్పెషాల్టీ రెస్టారెంట్ డెస్కులోనైనా సాధారణంగా అన్నిటికీ బుక్ చేస్తారు. వెళ్లేముందే ఏ రాత్రి ఎక్కడ, ఎన్నింటికి అని కాగితం మీద రాసుకోవాలి. పక్కన షోల టైములు, ఓడ రేవు వదిలే టైములు కూడా. రెండు గంటల భోజనం పెట్టుకుని గంటలో షోకి వెళ్లాలనుకుంటే డెజర్ట్ వదిలేసుకున్నట్టే. ఆరుగురు కలిసి అడిగితే దొరకని టేబుల్ ఇద్దరిద్దరుగా అడిగితే దొరుకుతుంది. దొరకలేదా, ముందు తొమ్మిదింబావు పుచ్చుకుని, ముందురోజు సాయంత్రం యాప్ తెరిచి చూడాలి. బుక్ చేసి రాకపోతే పడే జరిమానా తప్పించుకునేందుకు జనం రద్దు చేసుకునేది అప్పుడే. కొనేటప్పుడు ఇంకో మాట. ప్రయాణానికి ముందు ధర రోజుకో రకంగా ఉంటుంది. తగ్గిందని కనబడగానే పాతది రద్దు చేసి కొత్తగా కొనుక్కోవచ్చు. ఓడ కదిలాక మాత్రం కట్టింది కట్టినట్టే.

మీ చిన్న చిన్న చిలిపి పనులు కూడా మరిచిపోలేదు. కొన్ని ఓడల సుషీ రెస్టారెంట్‌లో అన్‌లిమిటెడ్ అంటే ‘ఇన్ని డాలర్ల వరకు’ అని అర్థం. ఆ పైన ముక్క ముక్కకీ బిల్లు, ఆ బిల్లు మీద గ్రాట్యుటీ. స్టేక్‌హౌస్ మెనూలో నోరూరించే వాగ్యూ అనే ఖరీదైన జపాన్ బీఫ్ పక్కన చిన్న అక్షరాల్లో అదనపు ధర. వంటపెద్ద కొద్దిమందికే చేసే ప్రత్యేక విందు, షెఫ్స్ టేబుల్, మాత్రం సాధారణంగా ప్యాకేజీలో ఉండదు. మందు ఎలాగూ ఉండదు. ఒకరి పేరు మీద ఉన్న భోజనం పక్కవాడికి బదిలీ కాదు, మిగిలిపోయిన పూటకి డబ్బు తిరిగి రాదు.

మీకో తమ్ముడున్నాడు, ‘ఉచిత’ ప్యాకేజీ. టికెట్‌తో పాటు భోజనాలు ఫ్రీ అంటాడు. ఆ ఫ్రీ భోజనాల అసలు ధర మీద 20 శాతం గ్రాట్యుటీ ముందే కట్టమంటాడు. గదిలో మూడో మనిషి, నాలుగో మనిషి ఉంటే వాళ్లకి ఫ్రీ లేదంటాడు. ఇద్దరు తింటుంటే ఇద్దరు చూడాలి కాబోలు.

వంశవృక్షం తిరగేస్తే ఇంకా బాధేస్తుంది. 1912లో టైటానిక్‌లో ఫస్ట్ క్లాస్‌వాళ్లకి మామూలు భోజనశాల కాక, విడిగా డబ్బిచ్చి తినే రెస్టారెంట్ ఒకటి ఉండేది. లుయీజీ గాట్టీ అనే ఆయన నడిపేవాడు. ప్రయాణమంతా అక్కడే తింటాం, మామూలు భోజనశాల మాకొద్దు అని టికెట్ కొనేటప్పుడే చెప్పినవాళ్లకి, టికెట్‌లోంచి మనిషికి 3 నుంచి 5 పౌండ్ల దాకా తగ్గించే పద్ధతి ఉండేది. మా దగ్గర తినని తిండికి మీ దగ్గర డబ్బెందుకు అని. ఇప్పుడు ఏడు రాత్రులూ మెయిన్ డైనింగ్ రూమ్ గుమ్మం తొక్కకపోయినా ఒక్క సెంటు వెనక్కి రాదు. ఒకే పొట్టకి రెండు టికెట్లు. మునిగిపోయిన ఓడలో ఉన్నపాటి న్యాయం తేలుతున్న ఓడలో లేదు.

ఇవన్నీ సహించవచ్చు. గైర్హాజరు జరిమానా ఒకటుంది చూశారా, అక్కడ మా మర్యాద కొంచెం జారుతుంది. క్షమించాలి. కాదు, ఎందుకు క్షమించాలి? ముందుగా రద్దు చేసుకోకుండా టేబుల్‌కి రాకపోతే మనిషికింత అని బిల్లులో వేస్తావా? అలలు లేచి కడుపులో తిప్పేసి మంచం దిగలేనివాడికీ జరిమానాయేనా? కొన్నిచోట్ల కొన్ని గంటల ముందు, కొన్నిచోట్ల పూర్తిగా 24 గంటల ముందు చెప్పాలట. సముద్రం ఎప్పుడు ఊగుతుందో 24 గంటల ముందు నీకు తెలుస్తుందా, మాకు తెలుస్తుందా? మేము రాకపోతే మాకు జరిమానా. నువ్వు టేబుల్ ఇవ్వకపోతే నీకేంటి? అన్‌లిమిటెడ్ అని అమ్మి ఏడు రాత్రుల్లో ఒక్క ఏడున్నర చూపించలేకపోయినందుకు ఎవరు కడతారు, ఎంత కడతారు, ఏ బిల్లులో వేస్తారు? ఆ అంటగట్టిన అయిదు గంటల టేబుల్ మేము అడిగామా? అడగని దానికి హాజరు, అడిగినదానికి మొండిచెయ్యి! అన్నిటికీ మించి, నిన్ను కొన్నవాళ్లకి టేబుల్ లేదంటూనే, లిఫ్టుల దగ్గర బల్ల వేసుకుని ఇంకా నిన్నే అమ్ముతున్నారు. అదే రోజు. అదే గంట. సిగ్గులేదూ?

మన్నించండి. మళ్లీ మీరులోకి వస్తున్నాం.

ఎందుకంటే తొమ్మిదింబావుకి, ఆవులిస్తూ, రేపు ఉదయం ఏడింటికి రేవులో దిగాలనుకుంటూ, టెప్పన్‌యాకీ పెనం చుట్టూ ముక్కూమొహం తెలియని మరో ఆరుగురి పక్కన కూర్చున్నాం. వంటాయన గుడ్డుని గరిటె అంచు మీద దొర్లించి, గాల్లోకి ఎగరేసి, టోపీలో పట్టుకున్నాడు. ఉల్లిపాయ చక్రాలని పెద్దది కింద, చిన్నది పైన పేర్చి, మధ్య బొక్కలో కాసిన్ని నీళ్లు పోశాడు. ఓడ మీద మంటలతో ఆటలు కుదరవు గనక ఆవిరితోనే అగ్నిపర్వతం. గుప్పున పైకి లేచింది. ఆరుగురూ చప్పట్లు కొట్టారు. వెల్లుల్లి అన్నం పెనం మీద చిటపటలాడుతూ అంచుల్లో బంగారు రంగు తిరిగింది. రొయ్యలు మాడకముందే, సరిగ్గా మాడబోయే ముందే, పళ్లెంలోకి వచ్చాయి. పదిన్నరకి కూడా ఎవరూ లేవలేదు.

అందుచేత ఈ లేఖలోని తిట్లన్నీ తమరికే చెందుతాయి, వంటాయనకి కాదని మనవి.

ఇట్లు,
తమ విధేయులు,
తొమ్మిదింబావు టేబుల్ వారు

తా.క.: అయిదో రాత్రి ఏడున్నరకి స్టేక్‌హౌస్‌లో ఎవరైనా రద్దు చేసుకుంటే కబురు పెట్టండి. ఇద్దరమే. కిటికీ పక్కన కాకపోయినా పర్లేదు. అవసరమైతే విడివిడిగానైనా కూర్చుంటాం.